వంకాయపువ్వు రంగు కోను

"ఈ పచ్చరంగు పూసింది ఎవరు?"

బైకు పూర్తిగా ఆగకముందే ఆ యువకుడు అడిగిన మొదటి మాట అది. తమిళంలో అడిగాడు. తల మీద హెల్మెట్ అలాగే ఉంది. బైకు వెనక గోనెసంచి, చేతిలో నూలు చుట్టే కాగితపు కోను ఒకటి.

తిన్నె మీద పిల్లలు ఒక్కసారిగా ఊదడం ఆపేశారు. అందరి మూతులకీ అలాంటి కోన్లే ఉన్నాయి. వెడల్పు వైపు నోటికి, సన్న కొస బయటికి. కొన్ని కొసలకి పచ్చ, కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి పసుపు. వీధి చివరి నుంచి చూస్తే చిలకల గుంపు ఒకటి వచ్చి తిన్నె మీద వాలినట్టుంది.

వాళ్ళ మధ్యలోంచి కణ్మణి లేచి నిలబడింది. పగలంతా ఇంట్లో బ్యాండేజ్ గుడ్డ చుట్టలు చుట్టి, సాయంత్రం వీధి పిల్లలకు పాఠాలు చెప్పే అమ్మాయి. ఎక్కువ మాట్లాడదు. కానీ పిల్లల ముందు వెనక్కి తగ్గడం ఆమెకు నచ్చదు.

"నేనే పూశాను. ఏం?" ఆమె కూడా తమిళంలోనే అంది. ఆ చుట్టుపక్కల ముక్కూమొహం తెలియని వాళ్ళతో ఎవరైనా ఆ భాషలోనే మొదలుపెడతారు.

"ఎందుకు పూశారు?"

"పిల్లల్ని మూడు గుంపులు చేశాను. పచ్చవాళ్ళు పాట మొదలుపెడతారు, ఎర్రవాళ్ళు అందుకుంటారు, పసుపువాళ్ళు ముగిస్తారు. కలిసిపోకుండా గుర్తు."

"మీకు అది పాట గుర్తు. మా మిల్లులో కొస పచ్చగా ఉంటే నలభై నంబరు సన్న నూలని గుర్తు. మీ ఊరి మగ్గాల ఇళ్ళు తిరిగి పంపే ఖాళీ కోన్ల సంచిలో ఇవీ ఉన్నాయి. చూడకుండా ముతక నూలు చుట్టారు. ప్యాకింగులో పచ్చ కొస చూసి సన్న నూలు పెట్టెలో పెట్టారు. సేత్తూరులో ఒకాయన చీర నేస్తుంటే మధ్యలో కొబ్బరితాడు వచ్చినట్టు వచ్చిందట. తిట్లు ఎవరికి? కోన్లు చూసే నాకు!"

"సంచిలోకి ఎలా వచ్చాయో నాకెలా తెలుస్తుంది?"

"రంగు మీదే కదా?"

ఇద్దరూ మొహాలు పక్కకు తిప్పుకున్నారు. ఇద్దరూ ఒకేసారి, ఎవరికి వాళ్ళు, నోట్లో గొణుక్కున్నారు. ఎదుటివాళ్ళకి అర్థం కాదన్న ధీమాతో, ఇంట్లో మాట్లాడే తెలుగులో.

"ఎద్దు కొమ్ములకు పూసే రంగు తెచ్చి కోన్లకు పూసినాది. ఈమెకు పిలకాయల్ని ఎవురు అప్పజెప్పినారో!"

"హెల్మెట్ తీస్తే లోపల తల ఉండాదో, అది కూడా నూలు కండేనో!"

వీధిలో మగ్గాలు చప్పుడు చేస్తూనే ఉన్నాయి. ఇద్దరూ మెల్లగా తలలు తిప్పి ఒకరినొకరు చూసుకున్నారు.

ముందు వరసలో కూర్చున్న అరుళ్ పకపకా నవ్వాడు. "అక్కా! సారు మన మాట మాట్లాడతాడు!"

ఆ యువకుడు హెల్మెట్ తీశాడు. లోపల తలే ఉంది. చెమటకి జుట్టంతా నుదుటికి అతుక్కుని, చెవులు ఎర్రగా కంది ఉన్నాయి. చెవులు కందింది హెల్మెట్ వల్ల కాదని కణ్మణికి అనిపించింది. తన చెవులు ఎలా ఉన్నాయో చూసుకునే వీలు లేక జడ ముందుకి లాక్కుంది.

"నా పేరు ముత్తురాజ్," అన్నాడు తెలుగులోనే, గొంతు తగ్గించి.

లోపలినుంచి వెళ్ళయమ్మాళ్ అవ్వ వచ్చింది, చీర చెంగుకి దూది పోగులు అంటుకుని. కణ్మణికి అవ్వ. ఆ ఇంటికీ, ఇంట్లో రెండు కరెంటు మగ్గాలకీ యజమాని.

"ఆ సంచి కట్టింది నేనప్పా. గోడ మీద కోన్లు ఎండతా ఉంటే ఖాళీవే అనుకొని ఎత్తి వేసినాను. నాకేం తెలుసు అవి సంగీతం కోన్లని? వచ్చినోడివి నిలబడే తిడతా ఉండావు. కూర్చో, మజ్జిగ తాగి తిట్టు."

మజ్జిగ తాగాక తిట్టడం కష్టమని ముత్తురాజ్‌కి అప్పుడే తెలిసింది. గ్లాసు కింద పెట్టి, "ఈ కోన్లన్నీ నేను తీసుకొని పోవాల అవ్వా," అన్నాడు.

పిల్లలు కోన్లని గుండెలకి హత్తుకున్నారు.

"సార్, వద్దు సార్! మేము స్టేజీ ఎక్కాల," అన్నాడు అరుళ్. "స్కూల్ ఆండు విళాకు." వార్షికోత్సవాన్ని అక్కడ అలాగే అంటారు.

"స్కూల్లో బ్యాండు లేదా?"

"డ్రమ్సు, ట్రంపెట్టు అంతా పెద్ద క్లాసోళ్ళకే. మేము తాకితే తిడతారు. అందుకే అక్క ఇది చేసిచ్చినాది."

ముత్తురాజ్ ఒక కోను తీసుకుని తిప్పి చూశాడు. సన్న కొసకి పల్చటి కవరు ముక్క బిగించి రబ్బరుబ్యాండు వేసి ఉంది. దాని కింద కోనుకి చిన్న బెజ్జం. వెడల్పు వైపు నోటికి ఆనించి గట్టిగా ఊదాడు. బుస్సుమని గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి, కళ్ళలో నీళ్ళు వచ్చాయి.

"ఊదకూడదు సార్," అంది కళైసెల్వి. ఆ గుంపులో ఆమెకు తెలియని సంగతి ఉండదు. "నోరు మూసుకొని పాడతారు చూడండి, అట్ల లోపల రాగం తీయాల. మీ గొంతే కవరును ఆడిస్తాది."

ముత్తురాజ్ రాగం తీశాడు. సైలెన్సర్ ఊడిన బైకు గుట్ట ఎక్కుతున్నట్టు ఒక శబ్దం బయటికొచ్చింది. ఎదురింటి మేక తాడు తెంచుకున్నంత పని చేసింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. కణ్మణి నవ్వలేదు. కోను ఒకటి మొహానికి అడ్డం పెట్టుకుంది. కానీ దాని కొసన కవరు గుర్రుగుర్రుమంటూ ఆడుతుంటే ఆమె నవ్వుతోందని అందరికీ తెలిసిపోయింది.

చివరికి ఒప్పందం కుదిరింది. కొసల మీద రంగు గీకేయాలి. గుర్తు కావాలంటే కోను పొట్ట మీద పూసుకోవాలి. పొట్ట మీద రంగుంటే మిల్లులో అదేమిటని వెంటనే పక్కన పెడతారు. ఇదివరకే మిల్లుకి వెళ్ళిపోయిన వాటిని ముత్తురాజ్ వెతికి తెచ్చి ఇవ్వాలి. ఏ ఒక్కటీ మళ్ళీ సంచిలోకి వెళ్ళలేదని అప్పుడప్పుడు వచ్చి చూసుకోవాలి.

"జాగ్రత్తగా ఉండాల అవ్వా," అన్నాడు వెళుతూ. "నన్ను ఈ నెలాఖరుకు పర్మనెంట్ చేస్తామన్నారు. ఇంకొక్క కోను తప్పు పోయినా, అంతే."

అప్పుడప్పుడు వచ్చి చూసుకోవాలన్నది, మరుసటి రోజునుంచే రోజూ అయింది.

షిఫ్టు అయ్యాక ముత్తురాజ్ మిల్లున్న రాజపాళయంనుంచి నేరుగా వీళ్ళ ఊరు సత్రపట్టికి వచ్చేవాడు. సంచిలోంచి ఒకటో రెండో కోన్లు తీసి, "ఇవి ఈ రోజు దొరికినాయి," అనేవాడు. ఆ తర్వాత తిన్నె అంచున కూర్చుని పిల్లలతో కలిసి రంగు గీకేవాడు.

కొత్త పీపీలు చేయడం కూడా నేర్చుకున్నాడు. కోనుకి ఎక్కడ బెజ్జం పెట్టాలో కణ్మణి చూపించింది. కవరుకి మరీ దగ్గరైతే చిరుగుతుంది, మరీ దూరమైతే శబ్దం చచ్చిపోతుంది.

"ఈ కవరే ఎందుకు? అంగట్లో ఇచ్చే కవరు చాలదా?"

"అది మెత్తన. ఆడదు," అంది కణ్మణి. "ముందు దాన్నే పెట్టినాను. తరువాత పరీక్ష పేపరు పెట్టినాను, మందం. ఉల్లిగడ్డ పొర పెట్టినాను, బాగా పాడినాది కానీ ఎండితే పగిలిపోయినాది. ఆఖరికి ఇది. బ్యాండేజ్ చుట్ట పెట్టే కవరు. ఇంట్లోనే ఉండాది, నాకే కనపడలేదు."

ఆమె అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం పిల్లలు ఎప్పుడూ వినలేదు. కళైసెల్వి అరుళ్ వైపు చూసింది. అరుళ్ కళైసెల్వి వైపు చూశాడు.

"మరీ బిగించకండి," అంది కణ్మణి, ముత్తురాజ్ రబ్బరుబ్యాండుని ఇంకో చుట్టు వేస్తుంటే. "కొంచెం వదులుండాల. ఊపిరాడనిస్తేనే కదా పాడతాది."

"మీరు టీచరుగా యాడ చదువుకున్నారు?"

"యాడా లేదు. ఈ ఊరి స్కూల్లోనే ప్లస్ టూ. మీరు నూలు చూసేది యాడ నేర్చుకున్నారు?"

"తిట్లు తిని," అన్నాడు ముత్తురాజ్.

ఇంకో సాయంత్రం రంగు డబ్బాలు మూతలు తీసి పెట్టుకుని కోన్ల పొట్టల మీద చారలు గీస్తున్నారు. అన్నీ పొంగల్ పండక్కి ఎద్దుల కొమ్ములకు పూయగా మిగిలిన డబ్బాలు. ఎరుపు, నీలం కలిసిపోయి ఒక మూతలో వంకాయపువ్వు రంగు తేలింది.

"మీ మిల్లులో లేని రంగే లేదా?" అని అడిగింది కణ్మణి.

ముత్తురాజ్ ఆలోచించాడు. "ఇదొకటే లేదు."

"ఏంటికి?"

"తెలీదు. ఏ నంబరుకూ పెట్టలేదు. పాపం, ఎవురికీ వద్దంట ఈ రంగు."

"మాకు కావాల," అంది కళైసెల్వి వెంటనే. కానీ అప్పటికే గుంపులన్నిటికీ రంగులు పంచేయడం అయిపోయింది.

వార్షికోత్సవం రోజు వాన కురిసింది. పెద్ద వానేం కాదు. పడమటి కొండ మీదినుంచి మబ్బు దిగొచ్చి, ఎవరో తడి చేయి విదిలించినట్టు ఉండి ఉండి చినుకులు చల్లుతోంది. స్టేజీకి పక్కన టార్పాలిన్ కింద పిల్లలు వరసలో నిలబడ్డారు. పచ్చ గుంపు పీపీ ఒకటి మూగబోయింది. తర్వాత పసుపు గుంపులో రెండు.

"అక్కా, నాది పాడలేదు!"

"నాది కూడా!"

చెమ్మకి కవర్లు కోన్లకి అతుక్కుపోతున్నాయి. కణ్మణి దగ్గర మార్చడానికి కవరు ముక్కలు లేవు. బిక్కమొహం వేసుకుని అటూ ఇటూ చూసింది.

అప్పుడే జనంలోంచి ముత్తురాజ్ వచ్చాడు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కవర్లు, ప్యాంటు జేబులోంచి గుప్పెడు రబ్బరుబ్యాండ్లు తీశాడు.

"ఇవి యాడివి?"

"మధ్యాహ్నం మబ్బు చూసినాను," అన్నాడు. "మీరు బిగించండి. నేను తుడిచి ఇస్తాను."

టార్పాలిన్ కింద ఇద్దరికీ చాలినంత చోటు లేదు. ఆమె బిగిస్తుంటే అతను కోను పట్టుకున్నాడు. రబ్బరుబ్యాండు జారి టప్పుమని అతని వేలికి తగిలింది.

"నొప్పా?"

"లేదు."

"చేయి వణకతా ఉండాది కదా?"

"చలి," అన్నాడు.

చలేం లేదు. పిల్లలందరికీ తెలుసు.

పాట బాగా వచ్చిందో లేదో కణ్మణికి గుర్తు లేదు. ఎర్రవాళ్ళు పచ్చవాళ్ళకంటే ముందే అందుకున్నారని, అరుళ్ మధ్యలో తుమ్మితే ఆ తుమ్ము కూడా పీపీలోంచి రాగంగా వచ్చి జనం చప్పట్లు కొట్టారని తర్వాత అవ్వ చెప్పింది. స్టేజీ పక్కన నిలబడి, తనకి తెలియకుండానే ఆ పాటకి తల ఆడిస్తున్న ఒక మనిషిని చూడడమే ఆమెకు గుర్తుంది.

మరుసటి సాయంత్రం ముత్తురాజ్ వచ్చాడు. కోన్లన్నీ వరసగా పెట్టించి, ఒక్కొక్కటీ చూశాడు.

"అన్నీ సరిగా ఉండాయి," అన్నాడు చివరికి.

"అన్నీ పోయిన వారమే సరిగా ఉండినాయి కదా సార్?" అంది కళైసెల్వి. "మీరు సంచిలో పెట్టుకొని పోయిందే మళ్ళా తెచ్చి, దొరికినాది దొరికినాది అంటా ఉండినారు. అరుళ్ కోనుకు పంటిగాటు ఉండాది. అది మూడుతడవలు దొరికినాది."

ముత్తురాజ్ చెవులు ఎర్రబడ్డాయి. కణ్మణి పలక తుడవడం మొదలుపెట్టింది. దాని మీద ఏమీ రాసి లేదు.

"సరి, ఇంక నాకు ఈడ పని లేదు," అన్నాడు లేచి. బైకు ఎక్కాక ఏదో చెప్పబోయి ఆగాడు. "వస్తానండి."

వస్తానన్నవాడు రాలేదు. మరునాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

"ఏమే, వీధిలో బైకు పోతే నీ చేయి ఎందుకు ఆగతాది?" అంది అవ్వ, ఆమె చుడుతున్న గుడ్డ చూస్తూ. "ఒక చుట్ట లావు, ఒక చుట్ట సన్నం. దెబ్బ తగిలినోడు చూసి ఏడుస్తాడు."

"ఏం లేదు అవ్వా."

"ఫోన్ నంబరు ఇచ్చినాడు కదా?"

"తప్పు కోను దొరికితే చెప్పమని ఇచ్చినాడు."

"ఓహో," అంది అవ్వ. "అయితే దొరికితేనే చెప్పాల."

ఆ మాట అవ్వ ఊరికే అంది. కణ్మణి మాత్రం దాన్ని పట్టుకుని సాయంత్రం వరకూ కూర్చుంది. పిల్లలు వెళ్ళాక రంగు డబ్బాలు తీసింది. ఎరుపులో నీలం కలిపింది. ఒక ఖాళీ కోను కొసకి వంకాయపువ్వు రంగు నిదానంగా, ఎక్కడా కారకుండా పూసింది.

ఆమె బాగా ఆలోచించే పూసింది. ఈ రంగు ఏ నంబరుదీ కాదు. ఏ పెట్టెలోనూ కలవదు. ఎవరికీ నష్టం లేదు. చూసినవాళ్ళు కోన్లు చూసే అతనికే ఇస్తారు. అతనికి ఒక్కడికే అర్థమవుతుంది. ఫోన్‌లో చెప్పలేని మాటని కోను మీద పూసి, మిల్లుకి పోయే సంచిలో అడుగున పెట్టి మూతి కట్టేసింది.

రెండు రోజులు గడిచాయి. బైకు రాలేదు. అరుళ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వాళ్ళమ్మ అదే మిల్లులో ప్యాకింగు పని చేస్తుంది.

"అక్కా! మిల్లులో పెద్ద గొడవంట! ఏదో కొత్త రంగు కోను వచ్చినాదంట. అది మేనేజర్ సారు చేతికే చిక్కినాదంట. ఇంకా ఎన్ని ఉండాయో తెలీదని లోడంతా నిలబెట్టినారు. లారీ పోలేదు. అన్నీ చూసేసినాను అని చెప్పింది నువ్వే కదా అని ముత్తురాజ్ సారును అందరి ముందరా తిట్టినారంట. పర్మనెంట్ ఇంక లేదంట!"

కణ్మణి చేతిలో సుద్దముక్క విరిగిపోయింది.

లోపలికి వెళ్ళి చెప్పులు వేసుకుంది.

"యాడికి?" అంది అవ్వ.

"మిల్లుకు. ఆ కోను నేనే పూసినాను అవ్వా."

అవ్వ ఆమెని పైనుంచి కిందిదాకా చూసింది. కొంగుకి అంటుకున్న దూది దులుపుకుని, "ఉండు, నేనూ వస్తాను. సంచి నాది," అంది.

మేనేజరు సంకరలింగం గదిలో ఫ్యాను గడగడమంటోంది. టేబుల్ మీద ఇంకేమీ లేదు, ఆ కోను ఒక్కటే నిలబెట్టి ఉంది. పక్కన ముత్తురాజ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కణ్మణిని చూసి అతని కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇది ఏ నంబరు?" అన్నాడు మేనేజరు తమిళంలో. "ఏ మిల్లు రంగు?"

"ఏ మిల్లుదీ కాదు సార్. నేను పూసింది. ఇదొక్కటే. ఇంక ఎక్కడా లేదు," అంది కణ్మణి. గొంతు సన్నగా ఉంది కానీ తొణకలేదు.

"సార్, తప్పు నాదే," అన్నాడు ముత్తురాజ్ గబగబా. "ఆ సంచి నేను చూడకుండా—"

"నిన్ను అడగలేదు." మేనేజరు ఆమె వైపు తిరిగాడు. "ఎందుకు పూశావమ్మా? పిల్లల ఆటకా?"

అవునంటే సరిపోయేది. పిల్లల పొరపాటని వదిలేసేవాడేమో. కానీ పిల్లలున్న చోట అన్నీ సరిగ్గా ఉన్నాయని చెప్పింది ముత్తురాజ్. అప్పుడు సరిగ్గా చూడలేదన్న తప్పు అతని మీదే పడుతుంది. కణ్మణి కోను వైపు చూసింది.

"లేదు సార్. పిల్లలకి తెలియదు. మీ మిల్లులో ఈ రంగు లేదని ఈయన ఒకసారి చెప్పారు. లేని రంగు కాబట్టి ఏ నూలులోనూ కలవదు. ఎవరు చూసినా ఈయన దగ్గరికే పంపిస్తారనుకున్నాను."

"పంపిస్తే?"

"ఎక్కడినుంచి వచ్చిందో ఈయనకు తెలుస్తుంది."

"తెలిస్తే?"

"అడగడానికి మా ఇంటికి వస్తారు."

"వస్తే?"

ఫ్యాను గడగడమంది. కణ్మణి మెడ వరకూ ఎర్రబడింది.

"వస్తే చూడవచ్చని," అంది.

ముత్తురాజ్ కట్టుకున్న చేతులు వాటంతట అవే ఊడిపోయాయి.

"ఏమప్పా," అంది అవ్వ మేనేజరుతో, "పెద్దమనిషివి. ఇంకా ఎంత చెప్పించుకుంటావు ఆ పిల్ల నోటితో?"

సంకరలింగం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. నవ్వు రాకుండా చేసుకోవడానికి ఆయన పడుతున్న కష్టం మీసం దగ్గర తెలిసిపోతోంది.

"పైనవాళ్ళకి ఈ కారణం నేనెలా చెప్పాలి?" అన్నాడు. "సరే. ఇదొక్కటే అని నువ్వంటున్నావు. నేను నమ్మినా లారీ నమ్మదు. సంచులన్నీ విప్పి ప్రతి కోనూ చూడాలి. రాత్రిలోగా లోడు పోవాలి. ముత్తురాజ్, నీ పర్మనెంట్ పోలేదు. కానీ లోడు ఆగింది, ఊరికే వదల్లేను. ఒక నెల వెనక్కి."

"నేనూ చూస్తాను సార్," అంది కణ్మణి. "పూసింది నేనే కదా."

గోడౌనులో నూలు వాసన. పైన రేకుల మీద వాన మొదలైంది. ప్యాకింగు ఆడవాళ్ళు అటువైపు సంచులు విప్పుతూ, ఇటువైపు చూస్తూ, తమలో తాము నవ్వుకుంటున్నారు. అవ్వ ఒక సంచికి ఆనుకుని కూర్చుని కోన్లు తిప్పి తిప్పి చూస్తోంది. కణ్మణి, ముత్తురాజ్ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో కోన్ల గుట్ట.

ఒక్కో కోనూ తిప్పి చూసి సంచిలో వేస్తున్నారు.

"నన్ను క్షమించండి," అంది కణ్మణి. "మీకు ఇంత అవుతాదని తెలీదు."

"ఫోన్ చేసి ఉండచ్చు కదా?"

"ఏమని చేసేది? మీరే పని లేదని పోయినారు."

"పని లేకుండా రోజూ వస్తే వీధిలో వాళ్ళు ఏమనుకుంటారు? మిమ్మల్ని ఒక మాట అంటే?" అతను చేతిలో కోను తిప్పాడు. దాన్ని అప్పటికే చూసేశాడు. "అందుకే రాకుండా నిలిచిపోయినాను. నెలాఖరుకు పర్మనెంట్ అవుతాది, అప్పుడు మా అమ్మను తోడుకొని, కోను సాకు లేకుండా, నేరుగా వద్దామని. అమ్మకు చెప్పేసినాను కూడా. మా అమ్మ పాక్కియం అంటే మా వీధిలో అందరికీ తెలుసు, ఒక సంగతి చెప్తే చాలు, రోజుకు నూరు తడవలు అడగతాది. ఎప్పుడురా, ఎప్పుడురా అని."

కణ్మణి చేతులు ఆగిపోయాయి.

"మీ అమ్మకు చెప్పినారా? నాకు చెప్పకుండానే?"

"మీకు చెప్పేదానికి ధైర్యం రాలేదు. అమ్మకు సులభం."

ఆమె తల వంచుకుంది. నవ్వు దాచడానికి అడ్డం పెట్టుకుందామంటే చేతిలో ఉన్న కోనుకి నిండా నూలు చుట్టి ఉంది. దాచలేకపోయింది. ముత్తురాజ్ మొదటిసారి ఆ నవ్వుని పూర్తిగా చూశాడు. చూస్తూ చూస్తూ రెండు కోన్లు తిప్పకుండానే పక్కన పెట్టాడు.

"ఏయ్, చూడకుండా పెడతా ఉండారు," అంది ఆమె, వాటిని వెనక్కి లాగుతూ.

"ఇప్పుడు ఇంకొక నెల," అన్నాడు అతను నిట్టూర్చి. "అమ్మకు ఏమని చెప్పేది?"

కణ్మణి ఆ రెండు కోన్లనీ చూసింది. సరిగ్గానే ఉన్నాయి. జాగ్రత్తగా సంచిలో పెట్టింది. తలెత్తి, నేరుగా అతని కళ్ళలోకి చూసింది.

"పర్మనెంట్ మీ మిల్లుకు కావాల. నాకు వద్దు," అంది. "ఆ నెల పోయింది నా వల్ల. దానికి మీ అమ్మ ఏంటికి కాచుకోవాల? ఈ ఆదివారమే తోడుకొని రండి."

రేకుల మీద వాన ఒక్కసారి పెద్దదైంది. ముత్తురాజ్ ఏదో అన్నాడు. వినపడలేదు. మళ్ళీ గట్టిగా అనబోయేలోగా సంచుల వెనకనుంచి అవ్వ గొంతు వచ్చింది, ఆ వానని మించి.

"ఆదివారం వద్దు తంబీ! ఆదివారం నాకు మగ్గాలు నడవాల. శనివారం మా ఊరికి పొద్దంతా కరెంటు లేదని చెప్పినారు. అప్పుడు రమ్మను. మగ్గాల చప్పుడు ఉండదు, మీ అమ్మ చెప్పింది నాకు బాగా వినపడతాది!"